వోటర్ల పట్టికయు మన పేర్లును

ఎన్నికల దినములలో మన కందుకూరు మండలమునందలి యే ప్రభుత్వ పాఠశాలకు పోయినను, గోడపై వోటర్ల పట్టిక యంటింపబడి యుండును. అందు ప్రతి మనుష్యునకును వరుససంఖ్య, పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి సంఖ్య, వయస్సు, స్త్రీయో పురుషుడో యను గుర్తు, ఇంతమాత్రమే కనబడును. కులమునకు అందు గడి లేదు. మతమునకును లేదు. అయినను శ్రీశైలము రోడ్డు ప్రక్కనున్న చాయి హోటలులో గూర్చుండి యా పట్టికను చేతబట్టిన గ్రామపెద్ద, ఒక్కొక్క పుటపై వ్రేలుంచి, "ఈ వాడలో నిన్ని యిండ్లు వీరివి, ఆ వాడలో నిన్ని యిండ్లు వారివి" యని చాయి చల్లారకమునుపే లెక్క తేల్చును. పట్టికలో వ్రాయని దానిని ఆయన యెట్లు చదువుచున్నాడు? ఆ లెక్క తరతరమునకు ఏల మారుచున్నది? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది యిదియే.

పట్టికలో ఆ గడులు లేకపోవుట యాదృచ్ఛికము గాదు. మన రాజ్యాంగములోని 325వ అధికరణము ప్రకారము ఒక నియోజకవర్గమునకు ఒకే సామాన్య పట్టిక యుండవలెను. మతమును బట్టి గాని, జాతిని బట్టి గాని, కులమును బట్టి గాని, స్త్రీపురుష భేదమును బట్టి గాని యెవరిని అందుండి తొలగింపరాదు. 326వ అధికరణము వయోజనులందరికిని వోటు నిచ్చినది. ఆ వయస్సు మొదట 21 ఏండ్లు. 1988లో జరిగిన 61వ సవరణముచే 18 ఏండ్లయినది. కావున మన పాఠశాలను విడిచిన రెండుమూడేండ్లకే మన విద్యార్థుల పేర్లును ఆ పట్టిక నెక్కును.

ఒకే పట్టిక యుండుట నేడు మనకు సహజముగా దోచును గాని, మన ముత్తాతల కాలమున బ్రిటిషు ఇండియాలో నట్లు లేదు. 1909 సంస్కరణములలో ముస్లిములకు వేరుగా నియోజకవర్గము లేర్పడెను. 1919 చట్టముచే మదరాసు రాష్ట్రమున క్రైస్తవులకును వేరు స్థానములు వచ్చెను. 1935 చట్టము దీనిని మరింత విస్తరించినది. ఆ చట్టము ప్రకారము మదరాసు శాసనసభలో 215 స్థానములు. వానిలో సామాన్య స్థానములు 146, ముస్లిములకు 28, దేశీయ క్రైస్తవులకు 8, యూరోపియనులకు 3, ఆంగ్లో ఇండియనులకు 2, స్త్రీలకు 8, జమీందారులకు 6, వర్తకులకు 6, కార్మికులకు 6, వెనుకబడిన ప్రాంతములకు 1, విశ్వవిద్యాలయమునకు 1. ఒక రాష్ట్రపు జనులను ఇన్ని పెట్టెలలో సర్దిన యీ చట్టమును చదివినప్పుడు మాకు మందులషాపులోని సొరుగులు జ్ఞప్తికి వచ్చును. గుంటూరులోని క్రైస్తవుడు తన పొరుగున నున్న హిందువునకు వోటు వేయజాలడు; ఆ హిందువు ఇతనిని వోటడుగ నక్కరయు లేదు. ఒకే బావినీరు గొనక, ఒకే పెట్టెలో వోటు వేయక యిద్దరును పొరుగువారై యుండిరి.

ఆ 146 సామాన్య స్థానములలో 30 మాత్రము అస్పృశ్యులనబడిన వారికి ప్రత్యేకింపబడినవి. దీని వెనుక పెద్ద కథ కలదు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధానమంత్రి రామ్సే మక్డోనాల్డు ప్రకటించిన తీర్పు వీరికిని వేరు నియోజకవర్గములనిచ్చెను. గాంధీ మహాత్ముడు యెరవాడ చెరసాలలో సెప్టెంబరు 20వ తేదీన నిరశనవ్రతమారంభించెను. 24వ తేదీన డాక్టరు అంబేడ్కరు గారికిని హిందూ నాయకులకును పూనాలో ఒడంబడిక కుదిరెను. దాని ఫలముగా వేరు వోటు పోయినది. రాష్ట్ర శాసనసభలన్నిటిలో గలిపి 148 స్థానములు వచ్చినవి. అభ్యర్థి ఆ కులములవాడే కావలెను, వోటర్లు మాత్రము అందరును. నేటి రిజర్వుడు స్థానముల పద్ధతికి తల్లివేరు ఈ ఒడంబడికయే. దీనిలోని గుణమును దోషమును రెండింటిని ముందు మన పొరుగు నియోజకవర్గముననే చూడగలము.

నైజాము రాజ్యములోని మన ప్రాంతమున కివియేవియు సోకలేదు. హైదరాబాదు చుట్టునున్న ఈ గ్రామములు అత్రాఫ్-ఇ-బల్దా జిల్లాలోనివి. వానిలో పెక్కింటి శిస్తు సర్ఫెఖాసు పేర నైజాము సొంత ఖజానాకు పోవుచుండెను. ఇచ్చటి రైతునకు పన్ను చెల్లించుట తెలియును గాని వోటు వేయుట తెలియదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట మూడున్నర యేండ్లలోపల, ఆస్తి యడుగక, చదువడుగక, ఒక్కసారిగా వయోజను లందరికిని వోటు వచ్చినది. కోస్తా జిల్లాలవారు ముప్పదియేండ్లలో మెట్టుమెట్టుగా నెక్కిన మేడను మనవా రొక్క గంతున నెక్కవలసి వచ్చెను.

ఆ మెట్ల సంగతి కొంత చెప్పక తప్పదు. 1852లో గోదావరిపై ధవళేశ్వరముకడ ఆనకట్ట ముగిసినది. 1855లో కృష్ణపై బెజవాడకడ మరియొకటి. కాలువనీరు పారిన చోట్ల సేద్యపు కులముల చేతికి ధనము వచ్చెను; ధనమువెంట బడి, బడివెంట ఉద్యోగాపేక్షయు వచ్చెను. కచ్చేరీకి పోయి చూడగా పెద్ద కుర్చీలలో ఎక్కువ భాగము బ్రాహ్మణులే కూర్చుండి యుండిరి. 1916లో మదరాసున బ్రాహ్మణేతర ప్రకటనము వెలువడి, జస్టిస్ పార్టీ పుట్టుటకు మూల మిదియే. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరింపగా జస్టిస్ పార్టీ మంత్రివర్గ మేర్పరచెను. 1921 మొదలు 1926 వరకు పానగల్లు రాజా ముఖ్యమంత్రిగా నుండెను. ఉద్యోగములను కులముల వారీగా పంచు ఉత్తరువు 1921లో వచ్చినది.

అయితే "బ్రాహ్మణేతరులు" అను పేరు క్రింద జమీందారును, భూస్వామియు, కూలివాడును ఒక్కటిగా నిలువగలరా? 1923లోనే అణగిన కులముల నాయకుడైన ఎం. సి. రాజా జస్టిస్ పార్టీని విడిచెను. తమవారికి దక్కవలసిన పాలు దక్కలేదని ఆయన ఫిర్యాదు. 1937 ఎన్నికలలో ఆ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజా తన బొబ్బిలిలోనే వి. వి. గిరి గారి చేతిలో నోడిపోయెను. ఒక పెద్ద పేరు క్రింద జేరినవారిలో క్రిందిమెట్టున నున్నవారికి చదువు గలిగినతోడనే, వారు తమ పేరు తాము చెప్పుకొందురు. అంతటితో పై మెట్టువాని లెక్క తప్పిపోవును. మేము చూచినంతలో ఆంధ్రదేశపు ఎన్నికల చరిత్రలో మరల మరల జరుగుచు వచ్చినది ఇదియే. 1917లో బెజవాడలో జరుపదలచిన పంచమ మహాసభకు అధ్యక్షత వహింపవచ్చిన హైదరాబాదు వాస్తవ్యులు భాగ్యరెడ్డివర్మ గారు, పంచములను మాట మాకు వలదని, ఆ సభకు ఆది ఆంధ్ర మహాజన సభ యని పేరు మార్పించిరి. ఇతరులు పెట్టిన పేరును తీసివేసి తమ పేరు తాము పెట్టుకొనుటయే ఆయన చేసిన మొదటి రాజకీయ కార్యము. 1931 హైదరాబాదు జనగణనమున ఆది హిందువులను శీర్షిక కనబడుట యాయన వంటివారి పాటు.

ఇక మన ప్రాంతపు మొదటి వోటు. 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు దేశమంతట ఎన్నికలు జరిగెను. చదువురానివారే యెక్కువ గనుక ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తు, ఒక వేరు పెట్టె. వోటరు తన కిష్టమైన గుర్తుగల పెట్టెలో చీటి వేయవలెను. పట్టికలు వ్రాయునప్పుడు ఒక వింత జరిగెను. దేశమునందు ఇంచుమించు 28 లక్షలమంది స్త్రీలు, ముఖ్యముగా ఉత్తరదేశమున, తమ సొంత పేరు చెప్పక "ఫలానా వాని తల్లిని", "ఫలానా వాని భార్యను" అని మాత్రమే చెప్పిరి. ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ గారు అట్టి పేర్లను పట్టికనుండి తీసివేయించిరి. పేరు లేనివారికి వోటు లేకపోయెను. కఠినమని కొందరందురు. మాకు మాత్రము ఆయన చేసినది సరియే యనిపించును, ఏలయన మరుసటి ఎన్నికలకు ఆ తల్లులలో పెక్కుమంది పేర్లు చెప్పనేర్చిరి.

1952లో హైదరాబాదు శాసనసభకు 175 స్థానములు. కాంగ్రెసునకు 93, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటునకు 42 వచ్చెను. కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడి యుండుటచే వారు ఆ క్రొత్త పేరుతో నిలిచిరి. నల్లగొండనుండి లోకసభకు నిలిచిన రావి నారాయణరెడ్డి గారికి జవాహర్లాల్ నెహ్రూ గారికంటె నెక్కువ వోట్లు వచ్చుట నాడు దేశమంతట చెప్పుకొనిరి. ఆయన స్వయముగా భూస్వామి కుటుంబమునందు పుట్టినవాడు. ఆయనకు వోటు వేసిన లక్షలమందిలో ఆయన కులమువారు కొద్దిమందియే. అనగా నాడు నల్లగొండలో జనులు తమ్ము తాము గుర్తించుకొన్నది కులముచే గాదు. దేశముఖునకు వెట్టిచేసిన వారొక వైపు, చేయించుకొన్నవారు మరియొక వైపు నిలిచిరి. నాలుగైదేండ్ల పోరాటము వారి కా గుర్తు నిచ్చినది. పోరాటము చల్లారిన పిదప ఆ గుర్తును గొంత మాసిపోయెను, కులము మరల తలయెత్తెను.

మరియొక గుర్తు ప్రాంతము. ముల్కీలు, గైరుముల్కీలు అను తగవు 1952లోనే హైదరాబాదు వీథుల కెక్కినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడిన తరువాత, ఉద్యోగములలో ముల్కీ నియమములను పాటింపలేదను ఫిర్యాదు పెరిగి 1969లో విద్యార్థుల మహోద్యమమైనది. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణపు 14 స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితికి వచ్చెను. అట్టి విజయము పొందిన పార్టీ ఆ సంవత్సరమే కాంగ్రెసులో కలిసిపోయెను. ప్రాంతమను గుర్తు మాసినట్లే కనబడి, 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టుటతో మరల బయటపడి, 2014 జూన్ 2న రాష్ట్రముగా పరిణమించినది. ఆ మధ్య ముప్పది యేండ్లలో నేమి జరిగినదో చూడవలెను.

1982 మార్చిలో నందమూరి తారకరామారావు గారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, 1983 జనవరిలో అధికారమునకు వచ్చిరి. వచ్చిన ఏడాదికే, 1984 జనవరిలో, వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దు చేసిరి. మన వైపు మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యనువారు పోయిరి. నేటి పిల్లలకు దీని బరువు తెలియదు. పహాణీ వ్రాయు కలము ఎవరి చేతిలో నుండెనో వారి మాటయే గ్రామమునకు వేదవాక్యము. వోటు ఎవరికి వేయవలెనో చెప్పువాడును వాడే. ఆ కలము చేయిజారిన పదియేండ్లలో గొల్ల, గౌడ, ముదిరాజు, సాలె మొదలైన వెనుకబడిన తరగతులవారు మండలాధ్యక్షులుగా, పార్టీ పెద్దలుగా కనబడ మొదలిడిరి. తెలుగుదేశము వారిని చేరదీసినది. చేరదీయని పార్టీలకును పిదప గత్యంతరము లేకపోయెను.

ఒక వర్గమునకు క్రొత్తగా వోటుబలము గలిగినప్పుడు దాని కెదుట నున్న వర్గముల వోటును కదలుననుటకు విదేశోదాహరణ మొకటి చాలును. అమెరికాలో నల్లజాతివారికి 1870లోనే చట్టరీత్యా వోటు వచ్చినను, దక్షిణ రాష్ట్రములు చదువు పరీక్షలు, తలపన్నులు పెట్టి వారిని పట్టిక కెక్కనీయలేదు. 1965 చట్టము ఆ యడ్డములను తొలగించెను. అంతవరకు తరతరములుగా డెమోక్రాటిక్ పార్టీకి కట్టుబడియున్న దక్షిణపు తెల్లవారిలో ఎక్కువమంది క్రమముగా రిపబ్లికన్ పార్టీకి మరలిరి. మన గ్రామములలో పటేలు బిడ్డ ఒక పార్టీ నుండి మరియొక పార్టీకి పోవుటలో నీ చాయ కొంత గలదు.

ఇప్పుడు మన ఇంటి గడపకు వత్తము. మన పొరుగుననున్న ఇబ్రహీంపట్నము శాసనసభ నియోజకవర్గము చాలకాలము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడి యుండెను. 1989లోను 1994లోను మార్క్సిస్టు పార్టీ అభ్యర్థి కొండిగారి రాములు గారును, 1999లో తెలుగుదేశము అభ్యర్థి కొండ్రు పుష్పలీల గారును, 2004లో మరల మార్క్సిస్టు పార్టీ అభ్యర్థి మస్కు నరసింహ గారును గెలిచిరి. 2008లో నియోజకవర్గముల పునర్విభజన జరిగి ఆ స్థానము సామాన్యమైనది. 2009, 2014, 2018లలో మంచిరెడ్డి కిషన్ రెడ్డి గారు, 2023లో మల్‌రెడ్డి రంగారెడ్డి గారు ఎన్నికైరి. ఈ పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన విద్యార్థికి వేరుగా వ్యాఖ్యానము చెప్ప నక్కరలేదు. ఇబ్రహీంపట్నములో ఒక్క యేటిలో కులములు మారలేదు, జనులు మారలేదు. మారినది పటముమీది గీతయును, దాని ప్రక్కనున్న రెండక్షరముల గుర్తును. ప్రత్యేక స్థానముగా నున్నన్నాళ్లు ఆ కులములవా డొకడు శాసనసభలో కూర్చుండెను. అది తొలగిన వెంటనే కూర్చుండలేదు. పూనా ఒడంబడిక గుణమును దోషమును ఇందే గలవు: అది కుర్చీ నిచ్చినది, కుర్చీ తీసినప్పుడు సామాన్య స్థానమున నిలిచి గెలుచు బలమును మాత్ర మీయలేకపోయినది.

అదే పునర్విభజనమున చేవెళ్ల సామాన్య స్థానము షెడ్యూల్డు కులముల స్థానమైనది. చేవెళ్లనుండి 2000లో, 2004లో ఎన్నికైన శ్రీమతి పి. సబితా ఇంద్రారెడ్డి గారు క్రొత్తగా నేర్పడిన మహేశ్వరము నియోజకవర్గమునకు వచ్చి, 2009లో గెలిచి, రాష్ట్రమునకు హోంమంత్రి యైరి. మన కందుకూరు మండల మీ మహేశ్వరములోనిదే. ఈ నియోజకవర్గపు స్వభావము విచిత్రము. ఒక కొన సరూర్‌నగరు, మీర్‌పేట, బడంగ్‌పేట కాలనీలు. రెండవ కొన కందుకూరు, మహేశ్వరముల చేనులు. కాలనీలలో నల్లగొండవారు, మహబూబ్‌నగరువారు, కోస్తావారు, సీమవారు ఇల్లు కట్టుకొని యుందురు. వారి పేర్లు చూచి వాడ చెప్పుట చాయి హోటలు పెద్దకు శక్యము గాదు. 2014లో రాష్ట్రమున తెలంగాణ రాష్ట్ర సమితి 63 స్థానములతో గెలువగా, మహేశ్వరములో తెలుగుదేశము గెలిచినది. 2018లో ఆ సమితికే 88 రాగా, ఇచ్చట కాంగ్రెసు గెలిచినది. 2023లో కాంగ్రెసు 64 స్థానములతో అధికారమునకు రాగా, ఇచ్చట భారత రాష్ట్ర సమితి గెలిచినది. మూడుమారులు వరుసగా గాలికెదురు! మొదటి రెండుమారులు గెలిచినవారు పిదప అధికార పార్టీలో జేరుటయు జరిగినది గనుక, వోటరు ఎదురీదినను ప్రతినిధి ఈదలేదని కొందరు హాస్యమాడుదురు.

పల్లె కొననుగూడ లెక్క మారుచున్నది. కందుకూరు, యాచారము, కడ్తాల మండలములలో ఔషధ పరిశ్రమల నగరమునకై భూసేకరణ జరిగెను; 2024 ఆగస్టు 1న మన మండలములోని మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన జరిగెను. భూమి పోయినవారిలో పట్టాదారులు నుందురు, ప్రభుత్వ మిచ్చిన అసైన్డు భూమి గల బీదలు నుందురు. "భూమి పోయినవారము" అనునది కులములన్నిటి నడుమ పుట్టు ఒక క్రొత్త గుర్తు. అయితే పట్టా భూమి కొక రేటు, అసైన్డు భూమి కొక రేటు అని తేలినప్పుడు, ఆ క్రొత్త గుర్తు మధ్యనుండి పాతగీతయే మరల కనబడును.

మిషను పాఠశాల వారమైన మాకు మరింత దగ్గరి ప్రశ్న యొకటి కలదు. 1878 జూలై 3న ఒంగోలు మిషనుకు జెందిన జాన్ క్లౌ దొర ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిన సంగతి మన పెద్దలు చెప్పుకొనుచుందురు. వారిలో మిక్కిలి భాగము మాదిగలు. అటు తెలంగాణములో మెదకు, నల్లగొండ, మహబూబ్‌నగరు మిషనులందును వచ్చినవారు ఎక్కువగా మాల మాదిగ వాడలవారే. బాప్తిస్మము పొందినంతమాత్రమున వాడ మారలేదు, బావియు చాలకాలము మారలేదు. 1949 మేలో రాజ్యాంగ సభ మతమును బట్టి స్థానములను ప్రత్యేకించు పద్ధతిని వదలివేసినప్పుడు, ఆ సభ యుపాధ్యక్షుడును క్రైస్తవుడునైన హెచ్. సి. ముఖర్జీ గారు దానికి మనస్ఫూర్తిగా సమ్మతించిరి. మందులషాపు సొరుగులు పోవుట మంచిదని మేమును తలచుచున్నాము. కాని 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డు కులముల ఉత్తరువును ప్రకటించినప్పుడు అందు మూడవ పేరాలో, హిందూమతము గాక వేరు మతము నవలంబించువాడు షెడ్యూల్డు కులములవాడుగా నెంచబడడని వ్రాయబడెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులును ముస్లిములును బయటనే యుండిరి. మన రాష్ట్రమున క్రైస్తవమతము స్వీకరించిన షెడ్యూల్డు కులములవారును వారి సంతతియు వెనుకబడిన తరగతులలో సి వర్గముగా నెంచబడుచు, 1 శాతము రిజర్వేషను పొందుచున్నారు.

దీని యర్థ మేమనగా, ఒకే వాడలో అన్నదమ్ముల బిడ్డలిద్దరుండగా, గుడికి పోవువాడు షెడ్యూల్డు కులముల సర్పంచి స్థానమునకు నిలువవచ్చును, చర్చికి పోవువాడు నిలువరాదు. ఇరువురిని గ్రామము పిలుచు పిలుపు మాత్ర మొక్కటియే. 1985లో సూసై వ్యాజ్యమున సుప్రీముకోర్టు, మతము మారిన పిదపను అవే వైకల్యములు అంతే తీవ్రతతో నున్నవని రుజువు చూపలేదని వాదిని కాదన్నది. 2007లో జస్టిస్ రంగనాథ మిశ్రా సంఘము ఆ పేరాను తీసివేయవలెనని చెప్పెను. 2022 అక్టోబరులో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ గారి యధ్యక్షతను మరియొక సంఘము నేర్పరచిరి. ఎదుటి వాదమును మనము విననొల్లకుండరాదు. మిషను బడులలో ముందుగా చదువుకొన్నవారు వచ్చి చేరినచో, చదువు దక్కని మా పాలు ఇంకను తరుగునని చెప్పు షెడ్యూల్డు కులముల వారున్నారు. వారి భయము కల్పితము గాదు. అయినను ఒక యువకుడు ఆదివారము చర్చిలో ఒక పేరును, సోమవారము తహశీలు కచ్చేరీలో మరియొక పేరును చెప్పవలసి వచ్చుట మంచి చట్టమునకు లక్షణమని మేము నమ్మజాలము. అబద్ధము చెప్పినవానికి కుర్చీయు, నిజము చెప్పినవానికి బెంచీయు దొరకునట్లు చట్టము వ్రాయరాదు.

పాలు తరుగునను భయము షెడ్యూల్డు కులముల లోపలను గలదు. 1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాటసమితి పుట్టినది. మాదిగలు జనసంఖ్యలో ఎక్కువైనను ఉద్యోగములలో తక్కువయని వారి వాదము. పేరుచివర మాదిగ యని వారు తామే చేర్చుకొనుట మొదలిడిరి. ఇతరులు తిట్టుగా వాడిన మాటను బిరుదముగా ధరించిరి. భాగ్యరెడ్డివర్మ గారు పేరు మార్చి చేసిన పనినే వీరు పేరు నిలిపి చేసిరి. 2000లో ఆంధ్రప్రదేశ శాసనసభ వర్గీకరణ చట్టము చేసెను. 2004 నవంబరులో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. ఇరువదియేండ్లకు, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వర్గీకరణ తగునని తీర్పు చెప్పెను. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఆ చట్టమమలునకు వచ్చి, 15 శాతమును మూడు భాగములుగా, 1, 9, 5 చొప్పున పంచినది.

వెనుకబడిన తరగతుల లెక్కయు ఇట్లే బయటికి వచ్చినది. 2024 నవంబరులో మొదలైన రాష్ట్రపు ఇంటింటి సర్వే ప్రకారము ముస్లిములను మినహాయించిన వెనుకబడిన తరగతులు 46.25 శాతము, ముస్లిములు 12.56, షెడ్యూల్డు కులములు 17.43, షెడ్యూల్డు తెగలు 10.45 శాతము. ఈ అంకెలను బట్టి స్థానిక సంస్థలలో వెనుకబడిన తరగతులకు 42 శాతము స్థానము లీయవలెనని 2025 మార్చిలో శాసనసభ బిల్లు నామోదించెను. ఆ అంకెలు తప్పని వాదించువారును గలరు. ఒకటి మాత్రము నిశ్చయము. ఇంతవరకు చాయి హోటలు పెద్ద వ్రేలితో కట్టిన లెక్కను ఇప్పుడు ప్రభుత్వమే కాగితముపై కట్టినది.

ఇక దేశమంతట కట్టబోవుచున్నారు. 1931 తరువాత కులములన్నిటిని జనగణనమున అడుగలేదు. రాబోవు జనగణనమున నడుగుదుమని కేంద్ర ప్రభుత్వము 2025 ఏప్రిల్ 30న నిర్ణయించినది. దానికి ఆధారదినము 2027 మార్చి 1 అని ప్రకటించినది. శాసనసభలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకించు 2023 నాటి 106వ సవరణమును జనగణనముతోను, దాని పిమ్మట జరుగు పునర్విభజనముతోను ముడివేసిరి. లెక్కవ్రాయువాడు మన వాడలకు వచ్చి, మతమేమని ఒక గడిలోను, కులమేమని మరియొక గడిలోను వ్రాసికొనును. మన విద్యార్థులలో కొందరి యిండ్లలో ఆ రెండవ ప్రశ్నకు తాత యొక జవాబును, తండ్రి యొక జవాబును, కుమారు డొక జవాబును చెప్పుదురు. ఇంటిలో చదువుకొన్నవాడు నీవే గనుక, ఏమి వ్రాయించుదమని వారు నిన్నే యడుగుదురు.